నాలుగో రీలు

ఆదివారం పొద్దుటాటకి ఇంగ్లీషు బొమ్మ.
నౌపడా నుంచి చిన్న రైలు మోసుకొచ్చిన రేకు పెట్టె.
మూత మీద పేరు సగం తుప్పు తినేసింది,
మిగతా సగం మాకెవరికీ చదవడం రాలేదు.
అందుకే పర్లాకిమిడి మొత్తానికి
అది టోపీ దొరసాని బొమ్మ.

నేను ఆడాళ్ళ గేటు దగ్గర టిక్కెట్లు చింపేదాన్ని.
ముప్ఫై పైసల బెంచీ మీద
కొమ్ముబొమ్మలు చెక్కే వీధి ఆడాళ్ళు,
వేళ్ళ సందుల్లో ఇంకా కొమ్ము పొడి.
ఒక్క ముక్క అర్థం కాదు. అయినా
దొరసాని మెట్లు దిగుతూ జారితే బెంచీ అంతా అయ్యో అంది.
జారడమే నాట్యం అన్నట్టు గిర్రున తిరిగి లేస్తే
ఎవరో ఈలేసేరు.
చూస్తే, డ్రిల్లు మాస్టారి పెళ్ళాం!

ఎంత నోరు ఆవిడది!
ఒక కనుబొమ పైకి, రెండోది ఉన్నచోటే.
ఆ పేపర్లు రాసే పెద్దమనిషి నోరు తెరిచేలోగా
మూడు జవాబులు.
మా వేపు ఆడపిల్ల అలా నవ్వితే
గుంటకి గాలి సోకిందనేవోరు.
నేను నూతి దగ్గర చేద నెత్తిన బోర్లించుకుని
కనుబొమ లేపడం నేర్చుకునేదాన్ని.
ఒకటి లేపితే రెండోదీ లేచిపోయేది.

మూడో రీల్లో ఇద్దరూ బద్ధశత్రువులు.
ఆవిడ అతని మొహాన తలుపేసింది.
తెర తెల్లబోయింది. గోల.
మళ్ళీ వెలిగితే ఐదో రీలు,
వాన, ఇద్దరికీ ఒకే గొడుగు.
నాలుగోది పెట్టెలో రాలేదు అన్నాడు
మిషను గదిలోంచి తల బైటపెట్టి దైతారి.

దైతారిది బరంపురం అవతల ఊరు.
నా తెలుగు అతనికి సగం,
అతని ఒరియా నాకు పావు.
ఆటయ్యేక సోడా బండి దగ్గర అడిగేను,
"ఏటి జరిగింది నాలుగోదాన్లో?"
కార్బను మసి చేతుల్తో గాల్లో చూపించేడు:
స్టేషను. పొగ. ఆవిడ పెట్టె తాళం ఊడిపోయింది,
చీరలన్నీ ప్లాట్‌ఫారం మీద.
(చీరలా? అన్నాను. గౌన్లు అన్నాడు.)
అతనొచ్చి ఒక్కోటీ ఏరి మడత పెడతాడు,
మడత పెట్టడం రాదు,
ఆవిడ నవ్వుతుంది.

పై ఆదివారం మళ్ళీ అడిగేను.
ఈసారి స్టేషను లేదు, మన మహేంద్రతనయలాంటి ఏరు,
పడవ, అతనికి ఈత రాదు.
ఇంకో వారం లిఫ్టులో ఇరుక్కున్నారు.
లిఫ్టంటే ఏటో చెప్పడానికి
నూతి గిలక దాకా నడిపించేడు నన్ను.
ఒక బొమ్మకి ఎన్ని నాలుగో రీళ్ళుంటాయని
నేను అడగలేదు.
మా నాన్న మూడు నెలలు నాతో మాటాడలేదు.
వాళ్ళమ్మ పఖాళ గిన్నె నా ముందుకి తోసి
మొహం తిప్పుకుంది, కానీ
ఉల్లిపాయ మాత్రం ఎక్కువేసింది.

ఏభై రెండేళ్ళు.
నిన్న మనవరాలు ఇతిశ్రీ ఫోన్లో ఎక్కడో పట్టుకుంది.
అరచేతంత దొరసాని మెట్లు జారింది,
నేను మళ్ళీ అయ్యో అన్నాను.
తలుపేసింది.
తెర తెల్లబోలేదు.

స్టేషను లేదు. ఏరు లేదు.
అసలు అతనే లేడు.
అర్ధరాత్రి, వంటిల్లు. టోపీ తియ్యకుండానే
ఒక్కర్తీ కూచుని ఉడకేసిన గుడ్డు ఒలుస్తోంది.
పెంకు రాదు. గోటితో గిల్లుతోంది.
రెండు కనుబొమలూ కిందే ఉన్నాయి.
అంత నోరున్న మనిషి,
ఒక్క మాటైనా లేదు.
సగం గుడ్డు తిని, చేతులు గౌనుకే తుడుచుకుని,
మూల నున్న గొడుగు తీసుకుని లేచింది.
అంతే.

దెబ్బలాడదామనే వీధరుగు మీదికెళ్ళేను.
దైతారి పనసగింజలు ఒలుస్తున్నాడు,
పెంకు రాక గోటితో గిల్లుతున్నాడు.
చెవి మిషను సర్దుకుని, పిల్లాడిలా,
"చూసేవా? ఏటుంది నాలుగోదాన్లో?"

పక్కన కూచున్నాను.
చేటలోంచి ఓ గింజ తీసుకున్నాను.
"స్టేషను," అన్నాను.
"పెట్టె తాళం ఊడిపోయింది."

"మడత పెట్టడం వచ్చిందా వాడికి?"

"రాలేదు."